ఎడమ తలుపు

2009 ఆగస్టు రెండో ఆదివారం. ఆ మధ్యాహ్నం వెండెల్ క్రెబ్స్ తిన్నది నిప్పుల మీద కాల్చిన సాసేజీ, దాని మీద పుల్లటి క్యాబేజీ. ఆవముద్ద కాస్త చొక్కా మీద పడింది.

అది తుడుచుకుంటూనే, పాత కార్ల ప్రదర్శనకు మార్లిస్ అనే ఆవిడ తెచ్చిన కారును చెరువు చుట్టూ ఒకసారి తిప్పి, చర్చి ఆవరణలోకి తెచ్చి ఆపాడు. దిగి, డ్రైవరు వైపు ఎడమ తలుపు వేశాడు.

పడలేదు.

ఈసారి గట్టిగా విసిరాడు. ధన్‌మంది. పాత కార్ల వరసల మధ్య తిరుగుతున్న జనం ఇటు చూశారు.

"అలా కొట్టకు బాబూ! ఒక్క వేలితో కాస్త పైకెత్తి వదిలెయ్యి. అదే పడుతుంది."

నీలం టోపీ పెట్టుకున్న ముసలాయన. కారుకు ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, నేను ముప్ఫై ఏళ్లుగా కార్ల మీద రాస్తున్నాను" అన్నాడు వెండెల్.

అది నిజమే. ఊరి వారపత్రికలో ప్రతి గురువారం అతని వ్యాసం ఉంటుంది. అచ్చయిన ప్రతి ముక్కనూ కత్తిరించి దాచుకుంటాడు. ఈ వారం వంతు మార్లిస్ కెస్ట్రెల్‌ది. 1969 నాటి రెండు సీట్ల చిన్న కారు. పొడుగు ముక్కు, కురచ తోక. పుట్టింది ఈ ఊళ్లోనే. దాన్ని చేసిన ఫ్యాక్టరీ మూతబడి ఇరవై ఏళ్లు దాటింది.

"ఏం రాస్తున్నావు బాబూ?"

వెండెల్ నోటుపుస్తకం తీసి, పక్కవాళ్లకు కూడా వినపడేలా చదివాడు.

"ఇంజనుకు నూటికి నూరు. మలుపులో పిల్లిలా తిరుగుతుంది. ఎడమ తలుపుకు సున్నా. శుక్రవారం సాయంత్రం, మనసంతా బీరు మీద పెట్టుకున్న తాగుబోతు ఎవడో బిగించి ఉంటాడు."

జనం నవ్వారు.

"మా మామ పనిచేసిందీ ఆ ఫ్యాక్టరీలోనే. శుక్రవారం చేసిన కారు కొనకురా అనేవాడు!" అన్నాడొక లావుపాటాయన.

ముసలాయన కూడా కొంచెం నవ్వాడు.

"మనసు బీరు మీద కాదేమో బాబూ."

"మరి?"

"చేపల వేపుడు మీదేమో. శుక్రవారం రాత్రి ఊరంతా కూడి తినేది అదే కదా."

జనం ఇంకా నవ్వారు. వెండెల్‌కు అది నచ్చలేదు. పుస్తకం మూసేశాడు.

"అప్పట్లో తలుపు కాస్త ఎత్తులో బిగించేవాళ్లు. వాడగా వాడగా బరువుకు దిగి కుదురుకుంటుందని" అన్నాడు ముసలాయన. "పోనీ, ఆ మాట అచ్చు వేసేముందు ఒక్కసారి నన్ను వెయ్యనిస్తావా? తలుపు?"

వెండెల్ అద్దం మీదున్న అట్టముక్క చూపించాడు. 'కళ్లతో చూడండి, చేతులతో కాదు.'

"చదవడం వచ్చుగా?"

"వచ్చు."

ముసలాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"కారు గలావిడతో ఒక్క మాట చెప్పు బాబూ. తలుపు రబ్బరు గట్టిపడింది. మార్పించమను."

మెల్లగా వెళ్లిపోయాడు. మార్లిస్ నిమ్మరసం గ్లాసులతో వచ్చేసరికి అతని టోపీ మాత్రమే దూరంగా కనిపిస్తోంది.

"ఆయనా? ఏటా వస్తాడు. ఎక్కడ కెస్ట్రెల్ ఉన్నా ఎడమ పక్కనే నిలబడతాడు. ఈసారి బాగా చిక్కిపోయాడు పాపం" అంది.

"ఎవరు?"

"ఏమో, ఎప్పుడూ అడగలేదు."

గురువారం పత్రిక వచ్చింది. శుక్రవారం చేపల వేపుడు దగ్గర నలుగురు తాగుబోతు మాటను అప్పజెప్పి, వెండెల్ భుజం తట్టారు.

శనివారం సాయంత్రం మార్లిస్ ఫోన్ చేసింది.

"రబ్బరు మారుద్దామని తలుపు లోపలి అట్ట ఊడదీశాను. ఒకసారి రా."

వెండెల్ తన వ్యాసం ముక్క ఒకటి ఆమె కోసం కత్తిరించి, జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఆమె షెడ్డులో లైటు వేసి చూపించింది. తలుపు లోపల, రంగు వేయని రేకు మీద, పచ్చ మైనపు పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు. నలభై ఏళ్లుగా అక్కడ చీకట్లో ఉన్నాయి.

'కొంచెం ఎత్తులో బిగించాను. దానంతటదే కుదురుకుంటుంది. దయచేసి కొట్టవద్దు. ఓ. స్క్రోబిస్. శుక్రవారం.'

వెండెల్ రెండుసార్లు చదివాడు.

"స్క్రోబిస్..." అంది మార్లిస్. "ఈ పేరు ఈ వారమే ఎక్కడో చూశాను. నీ వ్యాసం ఎక్కడుంది?"

"ఇదిగో. నీకోసమే తెచ్చాను."

ఆమె ముక్క అందుకుంది. చదవలేదు. వెనక్కి తిప్పి, దీపం కిందికి పట్టుకుంది. తర్వాత అలాగే, తిప్పినట్టే, అతని చేతికిచ్చింది.

చిన్న ఫోటో. నీలం టోపీ నల్లగా పడింది. 'ఓర్విల్ స్క్రోబిస్, 79. మంగళవారం ఉదయం, ఇంట్లో కన్నుమూశారు. కార్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు ఎడమ తలుపులు బిగించారు.'

మంగళవారం. అంటే గురువారం పత్రిక ఆయన చూడలేదు. ఆ మాత్రమైనా మిగిలింది అనుకోబోయాడు వెండెల్.

కానీ పత్రిక దేనికి? తనే చదివి వినిపించాడుగా, పదిమందిలో.

ఈ ఊళ్లో పోయినవాళ్ల ఫోటో కత్తిరించి బైబిల్లో దాచుకుంటారు. స్క్రోబిస్ ఇంట్లోనూ ఈపాటికి దాచి ఉంటారు. ఏ మనవరాలో ఎప్పుడైనా దాన్ని తీసి వెనక్కి తిప్పితే...

"ఇక పద, పొద్దుపోయింది" అంది మార్లిస్ మెల్లగా.

వెండెల్ కెస్ట్రెల్ దగ్గరికి వెళ్లాడు. ఎడమ తలుపు కింద ఒక్క వేలు పెట్టి, కాస్త పైకెత్తి వదిలాడు.

ఓర్విల్ స్క్రోబిస్ బిగించిన తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.