పల్వషా జడలు

పొలం నుంచి వచ్చిన జుమాగుల్ కూతురి తల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆరేళ్ల పల్వషా జుట్టు ఎప్పుడూ పిచ్చుక గూడే. తల్లి పోయాక దువ్వేది అతనే మరి.

ఇవాళ రెండు జడలు, చివర ఎర్రదారం కట్టుకుని నున్నగా వేలాడుతున్నాయి.

"ఎవరు వేశారు?"

"ఖైరో కాకా. నువ్వు లాగినట్టు లాగడు బాబా. అస్సలు నొప్పెట్టదు."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

ఊరి చివర బడి కడుతున్నారు. ఎక్కడో దూరదేశంలో ఎవరెవరో ఇచ్చిన చందాలట. ఆ పని చూసే ఇంజనీరు వదూద్ వెంట కాబూల్ నుంచి జీపులో దిగిన మనిషి ఖైరో. గడ్డం నెరిసినా రాళ్లు మోస్తాడు, మట్టి కలుపుతాడు. లోగర్ లోయలో అతన్ని ఎరిగినవాళ్లు లేరు.

బడికి స్థలమిచ్చింది జుమాగుల్. తన ఆపిల్ తోటలో సగం.

పిల్లలు మాత్రం ఖైరో చుట్టూనే.

"తోట నీది, దర్జా అతనిది," అని పొరుగు సాహిబ్‌జాన్ నవ్వాడు.

జుమాగుల్ నవ్వలేదు.

మధ్యాహ్నం రొట్టె పట్టుకుని పొలానికి పరిగెత్తుకొచ్చే పిల్ల ఇప్పుడు దారిలోనే ఆగిపోతోంది. ఒకరోజు సగం రొట్టే వచ్చింది.

"మిగతాది ఏదే?"

"కాకాకి పెట్టాను."

"మరి నేనేం తినాలి?"

"నీకు రోజూ పెడతాగా."

మర్నాడు పొద్దున అతను దువ్వెన తీస్తే పల్వషా తల తిప్పేసుకుంది.

"నువ్వొద్దు. కాకా వేస్తాడు."

జుమాగుల్ దువ్వెన విసిరేసి వెళ్లిపోయాడు. కాసేపటికి బడి దగ్గర గోడచాటున నిలబడి చూశాడు. పల్వషా రాయి మీద కూర్చుని ఉంది. ఖైరో జడ అల్లుతూ ఏదో కథ చెబుతున్నాడు. ఇంట్లో ఎన్నడూ నవ్వనంత నవ్వు నవ్వుతోంది పిల్ల.

అతను నేరుగా ఇంజనీరు దగ్గరికి నడిచాడు.

"ఆ మనిషి మనవాడు కాదు. ఆడపిల్లల తల ముట్టుకుంటున్నాడు. ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు."

ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.

ఇంజనీరు ముఖం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నావో తెలుసా? ఆయన..."

"వదిలెయ్ వదూద్ జాన్," అన్నాడు వెనక నుంచి వచ్చిన ఖైరో. "తండ్రి వద్దంటే వద్దే. నేను వెళ్లిపోతాను."

తర్వాత జుమాగుల్ వైపు తిరిగాడు.

"జుట్టు కాస్త తడిపి పాయలు తియ్యి తమ్ముడూ, చిక్కుపడదు. మొదట్లో నేనూ లాగేసేవాణ్నే."

"నాకు నువ్వు నేర్పక్కర్లేదు."

మర్నాడే జీపు అతన్ని తీసుకుపోయింది. పల్వషా తండ్రితో మాట్లాడటం మానేసింది. అయినా జుమాగుల్‌కి గుండెలోంచి ముల్లు తీసినట్టే ఉంది.

బడి తెరిచే రోజు వచ్చింది. జుమాగుల్ కొత్త తలపాగా చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఊరంతా వచ్చి చేయి కలిపి వెళ్లింది. తలుపు మీది గుడ్డ తీశారు.

స్తోరై బడి.

తన తండ్రి పేరు పెడతారనుకున్నాడు అతను. మళ్లీ లోపల భగ్గుమంది.

"ఎవరీ స్తోరై? తోట మాది, పేరు ఇంకెవరిదో."

"ఒక చిన్నపిల్ల," అన్నాడు ఇంజనీరు. "జర్మనీలో ఉండేవాళ్లు. పోయినేడు జబ్బుచేసి పోయింది. సమాధి దగ్గరికి పూలు తేవద్దు, మా దేశంలో పిల్లలకి బడి కడతాను, దానికివ్వండి అని వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగాడు వాళ్ల నాన్న."

జుమాగుల్ గొంతు తగ్గింది. "అంతటి మనిషిని ఇవాళ పిలవాల్సింది కదా."

"పిలవకుండానే వచ్చాడు. బడి పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటానని రాళ్లు మోశాడు," అన్నాడు ఇంజనీరు, "నువ్వే పంపించేశావు."