లోపలి గడియ

“నిమిషం యాభై రెండు,” అన్నాడు హార్లన్, స్టాప్‌వాచీ నొక్కి. “పైగా గడియ చప్పుడే వినిపించలేదు.”

అతని భార్య వెర్నా నేలమాళిగ మెట్లెక్కి వంటగదిలోకి వచ్చి, ఆయాసంతో గోడ పట్టుకుంది. బయట కాన్సస్ ఎండ మాడ్చేస్తోంది. ప్రతి సోమవారం మధ్యాహ్నం పన్నెండుకు ఊళ్లో పరీక్షగా మోగించే సైరన్, సుడిగాలి వస్తే నేలమాళిగలో దాక్కోమని హెచ్చరించేది, అప్పుడే ఆగింది.

“పద్నాలుగు మెట్లు, హార్లన్. నాకు అరవై ఎనిమిదేళ్లు.”

“సుడిగాలి నీ వయసు అడగదు. చెప్పు. సైరన్ మోగగానే?”

“గ్యాస్ కట్టేస్తాను. టార్చి, మందుల సంచి తీసుకుంటాను. దిగుతాను.”

“తర్వాత?”

ఆమె బల్ల మీది కాఫీ కప్పు అతని చేతికందేలా జరిపింది.

“తర్వాత తలుపేసి గడియ పెట్టాలి. ఆరు నెలల నుంచీ అక్కడే తప్పుతున్నావు.”

“ముప్పై ఏళ్లు విత్తనాల కొట్లో కూర్చుని పనివాళ్లని ఉరికించావు. ఇప్పుడు నేను దొరికాను.”

“వాళ్లే నయం. ఒకసారి చెబితే చేసేవాళ్లు. మేలో సైరన్ నిజంగానే మోగితే నువ్వేం చేశావు? పదకొండు నిమిషాలు ఇక్కడే గుంజలా నిలబడ్డావు.”

“అది పక్కనించి పోయిందిగా!”

“పోయింది. అదృష్టాన్ని నమ్ముకుని నేనెప్పుడూ వ్యాపారం చెయ్యలేదు.”

వెర్నా వంగి అతని బూటు తాడు బిగించింది. రెండేళ్ల కిందట కొన్న బూట్లు. అడుగున గీత కూడా పడలేదు. తన వాటికి ఇప్పటికి రెండుసార్లు కొత్త అడుగులు వేయించింది.

“సరే, బేరం,” అన్నాడు హార్లన్. గొంతు కాస్త తగ్గింది. “నిమిషంన్నరలో దిగి గడియ పెట్టు. ఒక్కసారి ఆ చప్పుడు వినిపించు. ఇక జన్మలో అడగను.”

“మరి నీ సంగతి?”

“నా లెక్క నేను చూసుకుంటాను. నువ్వు గడియ సంగతి చూడు.”

ఆమె చాలాసేపు అతన్నే చూసింది. అలసిపోయిన మనిషి ఒప్పుకున్నట్టు తలూపింది.

“కానియ్.”

అతను వాచీ నొక్కాడు. గ్యాస్ కట్టేసింది. టార్చి, సంచి అందుకుంది. ఈసారి వెనక్కి చూడలేదు. హార్లన్ మెట్ల మీద అడుగులు లెక్కపెట్టాడు. పద్నాలుగు. తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అతని వేలు వాచీ మీదే ఉంది.

టక్కున గడియ పడింది.

“నిమిషం ఇరవై ఎనిమిది!” అని అరిచాడు. “శభాష్, వెర్నా! నెగ్గావు!”

కింద తలుపు వెనక ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది.

హార్లన్ వాచీని బల్ల మీద పెట్టాడు. మే నెల తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

తన చక్రాల కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు.