గోడగారు ఎటు దూకారు?

"నా వల్ల కాదమ్మా. భయమేస్తోంది," అంటూ కూతురు గ్లవ్స్ తీసి తల్లి ఒళ్ళో పడేసింది.

స్కూళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్ పెనాల్టీల దాకా వచ్చింది. ఇంకొక్కటి ఆపితే కప్పు వీళ్ళ జట్టుదే. ఇందాకటి బంతి ప్రహరీ దాటి కాలువలో పడితే తేవడానికి ఎవరో వెళ్ళారు.

"గోడగారి కూతురివి, నువ్వే భయపడితే ఎలాగే?"

"అదేగా నా ఖర్మ. ఇది వదిలేశానంటే నలుగురూ నాన్న పేరెత్తుతారు. ఇంక జన్మలో గ్లవ్స్ ముట్టుకోను."

వాళ్ళాయన్ని ఊరంతా గోడ అంటుంది. ఒకప్పుడు పెద్ద ఫైనల్లో చివరి పెనాల్టీ ఆపి కప్పు తెచ్చిన గోల్‌కీపర్ ఆయన. ఎడమవైపు గాల్లో తేలుతూ, కళ్ళు మూసుకుని, బంతిని పొట్టకు కరుచుకున్న ఫోటో ఇంటి హాల్లో ఉంటుంది. కళ్ళెందుకు మూశారని చుట్టాలడిగితే, "ఏకాగ్రత" అని ఆవిడే జవాబు చెబుతుంది. ఆ పేరు పుణ్యమా అని చెత్త పోసే స్థలం మైదానమైంది, వాడపిల్లలందరికీ ఆయన ఉచితంగా ఆట నేర్పుతున్నారు. ఆయన పిలిస్తే సూదంటే హడలిపోయేవాళ్ళు కూడా రక్తమివ్వడానికి వస్తారు.

ఇంట్లో సంగతి వేరు. తాళాలు విసిరితే ఆయన పక్కకు తప్పుకుంటారు. దిండు విసిరినా అంతే. బయట పట్టుకున్నది చాల్లే అని ఆవిడ సరిపెట్టుకుంది.

ఆ రోజు ఎటు దూకాలో ఎలా తెలిసిందని అడిగితే మాత్రం నవ్వి మాట మార్చేస్తారు. ఎదుటివాడి మోకాలు చూసి కనిపెట్టాడని కోచ్ అంటాడు. అంతా తన పెంపకమని అత్తగారంటారు. అప్పటికి ఆయనతో కొత్తగా పెళ్ళి కుదిరిన ఆవిడ ఎడమవైపు మెట్ల మీద కూర్చుని చూసింది. కాబట్టి ఎవరేమన్నా ఆవిడకు అసలు కారణం తెలుసు.

"వెళ్ళి మీ నాన్ననడుగు," అంది.

మైదానం అంచున నిలబడ్డ తండ్రి దగ్గరికి కూతురు పరుగెత్తింది. "నాన్నా, ఆ రోజు ఎలా ఆపావు? కబుర్లొద్దు, నిజం చెప్పు."

ఆయన గ్లవ్స్ లేని పిల్ల చేతులు చూశారు. తర్వాత భార్య వైపు దొంగచూపు చూసి, వంగి కూతురి చెవిలో ఏదో చెప్పారు. పిల్ల నోరు తెరుచుకుంది. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వింది. అదే నవ్వుతో వచ్చి గ్లవ్స్ లాక్కుపోయింది.

ఈల మోగింది. పిల్ల కుడివైపు దూకి, కళ్ళు తెరుచుకునే బంతిని ఆపేసింది. తల్లికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

కారులో కప్పు పిల్ల ఒళ్ళో ఉంది.

"దానికేం చెప్పారండీ?" అందావిడ.

"ఏముంది, నాలుగు ధైర్యవచనాలు."

"ఇన్నేళ్ళుగా నాకు చెప్పని రహస్యం దానికి చెప్పారన్నమాట."

"చెప్పేయనా నాన్నా?" అంది వెనకసీట్లోంచి కూతురు.

ఆయన ఖాళీ రోడ్డు మీద హారన్ కొట్టారు.

"నాకు తెలీదనుకుంటున్నారా? ఎడమవైపు నేను కూర్చున్నాను, నన్ను చూసి నా వైపు దూకారు. అవునా?" అంది ఆవిడ, కొంగు సర్దుకుంటూ.

"కాదమ్మా, బంతికి భయపడి పక్కకు తప్పుకోబోతే, అదీ అటే వచ్చిందట."