మెరుపు లెక్క

మా కోడలు ద్వీపంలోని సంత నుంచి పడవలో రావాలి. విక్టోరియా సరస్సు మీద మబ్బు కమ్మింది. నీళ్ల మీద ఉన్న మనిషి పేరెత్తితే కీడని మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అందుకని నేను నోరు మూసుకుని గుమ్మం దగ్గర తిరుగుతున్నాను. మనవరాలు అవినో లోపల కిటికీ పక్కన చదువుకుంటోంది.

"కాలు కాలిన పిల్లిలా తిరక్కు తాతా, హోంవర్కుకి సాయం చెయ్యి. మెరుపు మెరిశాక ఉరుము ఎన్ని సెకన్లకి వినబడిందో లెక్కపెట్టు. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. నువ్వు చెప్పు, నేను రాస్తా."

"నాలుగో క్లాసు చదివినోణ్ణి, నాకేం తెలుసే?"

"అంకెలొచ్చుగా! వేషాలెయ్యకు."

మెరిసింది. కాసేపటికి ఉరిమింది.

"పదిహేను" అన్నాను.

"అయిదు కిలోమీటర్లు."

ఆ తర్వాత పద్దెనిమిది అన్నాను. మూడోసారి ఇరవై ఒకటి.

"ఏడు! వాన దూరం పోతోంది తాతా. ఇంక కూర్చో, గుమ్మం అరిగిపోద్ది."

నిజానికి నేను లెక్కపెట్టింది తొమ్మిది, ఆరు, మూడు. పిల్ల బెదురుతుందని పెంచి చెప్పాను.

వాన విరుచుకుపడింది. చాలాసేపటికి కోడలు తడిసి ముద్దయి వచ్చింది. ఎండుచేపల గంప దించుతూనే, "ఉగాలి ముద్దకి ఎసరన్నా పెట్టలేదా?" అని కసిరింది. అవినో పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

నోటుపుస్తకం తెరిచే ఉంది. వంగి చూశాను.

తొమ్మిది, ఆరు, మూడు అని రాసి ఉంది. నేను చెప్పిన అంకె ఒక్కటీ లేదు.