మెయిన్ దగ్గర అత్తగారు

"అయితే ఈ తీగ లాగుతున్నది నాకోసమన్నమాట," అంది అత్తగారు.

టైలరు నాలుక కరుచుకున్నాడు. పెరట్లో షెడ్డుకి కరెంటెందుకని ఆవిడ అడిగితే, "మీకు ఫ్యానైనా ఉండాలి కదత్తయ్యా" అని నోరు జారాడు. ముందు గది కుట్టుమిషన్లకి చాలడం లేదు. ఆవిడ మంచం షెడ్డులోకి మారిస్తే ఇంకో మిషను పడుతుంది. సాయంత్రం భార్య ఆఫీసు నుంచి వచ్చేలోగా లైటూ ఫ్యానూ బిగించేస్తే, ఆమె మాత్రం ఏమంటుందిలే అని అతని ధైర్యం.

"పాత కుర్చీలు, ఎలుకలు, నేను. మంచి జత కుదిర్చావు నాయనా."

"అది కాదత్తయ్యా..."

"మరేది?"

అతను వరండాలోకి వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి దించాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి.

అతని భయమల్లా మేడ మీద అద్దెకున్న లెక్కల మాస్టారి గురించే. ఆయనకో జబ్బుంది. కరెంటు పోతే ఎందుకు పోయిందని అడగడు. తిన్నగా వచ్చి మెయిన్ పైకెత్తి పోతాడు. చెప్పి వద్దామని మేడెక్కితే గదికి తాళం వేసి ఉంది. ఏ క్షణాన ఊడిపడతాడో తెలియదు.

"అత్తయ్యా, కాస్త ఈ కుర్చీలో కూర్చోండి. ఎవరొచ్చినా దీన్ని ముట్టుకోనివ్వకండి. పొరపాటున ఎత్తారంటే అక్కడ నేను బతకను."

అత్తగారు స్విచ్ వంక చూసింది. అల్లుడి వంక చూసింది. మళ్ళీ స్విచ్ వంక చూసింది.

"అలాగా," అంది.

ఆ చూపు అతనికి బొత్తిగా నచ్చలేదు.

పని తెలిసినవాడైతే ముందు షెడ్డులో పనంతా ముగించుకుని, ఇంటి వైపు కొస చిట్టచివర కలుపుతాడు. మన టైలరు బట్ట కుట్టినట్టు ఇటు మొదలుపెట్టి అటు పోయాడు. వరండాలో అత్తగారి కుర్చీ పక్కనే షెడ్డు తీగలు రెండింటినీ ఇంటి తీగలకి మెలిపెట్టి కలిపేశాడు. అతుకుల మీద కరెంటు టేపు చుట్టడం తర్వాత చూసుకోవచ్చని దాన్ని జేబులో వేసుకుని షెడ్డులోకి నడిచాడు. స్టూలెక్కి, గోడ కన్నంలోంచి వచ్చిన తీగ కొసలు ఒలిచి, రెండు చేతుల్తో రెండూ పట్టుకున్నాడు. పట్టుకున్నాక గానీ భయం పుట్టలేదు.

"అత్తయ్యా! దించే ఉందా?"

"ఉంది."

ఒక మెలిక తిప్పాడు. తీగ బిగువుకి మెలిక ఊడింది.

"అత్తయ్యా! ఇంకా దించే ఉందా?"

"ఉందన్నానుగా! నమ్మకం లేదా ఏమిటి?"

నిజానికి లేదు. ఇంట్లోంచి మంచం పీకేస్తానని చెప్పి, ఐదు నిమిషాలైనా కాకముందే ఆ మనిషినే కాపలా పెట్టి వచ్చాడు. ఆవిడ స్థానంలో తనే ఉంటే ఏం చేసేవాడు? మనసులో వచ్చిన జవాబుకి అతనికి ముచ్చెమటలు పోశాయి. పోనీ వదిలేద్దామా అంటే, తీగ బిగువుకి కన్నంలోంచి వెనక్కి జారిపోతుంది. అప్పటికే రెండుసార్లు జారింది.

అంతలో గేటు చప్పుడైంది. చెప్పులు టపటపలాడుతూ వరండా వైపు వెళ్ళాయి.

"మెయిన్ పడిపోయినట్టుందే పిన్నిగారూ!" అది మాస్టారి గొంతు.

టైలరు ముట్టుకోకండి అని అరవబోయాడు. ఈలోగా మాస్టారే మళ్ళీ అందుకున్నాడు.

"ట్యూషను పిల్లలొచ్చేస్తారు. ఓసారి వేసేస్తాను, ఏమీ అనుకోకండి."

"వెయ్యి బాబూ," అంది అత్తగారు తాపీగా. "నేను లేచి నీ చెయ్యి పట్టుకోగలనా? నీకు మనసొప్పితే వెయ్యి."

టైలరుకి పైప్రాణాలు పైనే పోయాయి. తీగలు వదిలేసి స్టూలు మీంచి దూకాడు. స్టూలు ఒకవైపు, తను ఒకవైపు పడ్డారు. మోకాలు చెక్కుకుపోయినా లేచి, పెరడు దాటి ఒకటే పరుగు. నన్ను చంపేద్దామనుకుంది, ఈ ముసలావిడ నన్ను నిజంగానే చంపేద్దామనుకుంది అనుకుంటూ వరండాలోకి వచ్చి పడ్డాడు.

మెయిన్ దించే ఉంది. మాస్టారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నెత్తురుచుక్క లేని మొహంతో గోడకి అతుక్కుపోయి ఉన్నాడు.

అత్తగారు కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. అల్లుడు టేపు చుట్టకుండా వదిలేసిన ఆ రెండు అతుకుల్నీ గుప్పిటకొకటి చొప్పున గట్టిగా బిగించి పట్టుకుంది.

"ఏమిటత్తయ్యా ఇది!"

"మోకాళ్ళు లేవనివ్వవు కదా, ఎవరైనా వేయబోతే లేచి ఆపలేను. అందుకే నువ్వటు వెళ్ళినప్పటినుంచీ వీటిని పట్టుకుని కూర్చున్నాను," అంది ఆవిడ. "నాకు తగలకుండా నీకు తగలదులే నాయనా, వెళ్ళి పని చూసుకో."