నలగని డబ్బా

పన్నెండు డబ్బాల్లో పదకొండు నలిగిపోయాయి. ఒక్కటి మాత్రం కొత్త పాలక్యానులా నున్నగా నిలబడి ఉంది. దాన్ని దూరం నుంచే చూసిన ఫోర్‌మన్ గున్నెల్ గట్టిగా అరిచింది.

"అందరూ బయటికి! కాఫీలు గీఫీలు అక్కడే పడేసి పరిగెత్తండి!"

ఐదు నిమిషాల్లో ఫ్యాక్టరీ మొత్తం మంచులో నిలబడింది. ఒక్కరి ఒంటి మీదా కోటు లేదు. స్వీడన్ చలి, పైగా జనవరి.

డబ్బాల్లో ఉన్నది ఉక్కు పొడి. కరిగిన ఉక్కును చిమ్మి రెప్పపాటులో గడ్డకట్టించిన పొడి. ఆ సన్నదనం చెడకుండా ముద్ద చేస్తేనే దానికి విలువ. అందుకే ఇనప డబ్బాలో కూరి, గాలి లాగేసి, మూతి అతికించి, వేడి ప్రెస్సులో పెడతారు. చుట్టూ ఉన్న గ్యాసు భయంకరంగా నొక్కుతుంది. డబ్బా నలిగిందా, లోపల ముద్ద కట్టినట్టే. నలగలేదా, అతుకులో కన్నముండి గ్యాసంతా లోపలికి దూరినట్టే. చల్లారేసరికి ఆ కన్నం మూసుకుపోయిందా, ఇక అది డబ్బా కాదు, బాంబు. ఇరవై ఏళ్ల క్రితం ఒకటి పేలి ఇటుక గోడ ఎగిరిపోయింది.

ఎవరో ఒకరు వెళ్లి దానికి సన్నటి కన్నం వేసి గ్యాసు వదలాలి. ఆ పని ఇదివరకు చేసినవాడు ఎవర్ట్ ఒక్కడే. ఇంకో ఆరు వారాల్లో రిటైరవుతాడు.

"నేనే వెళ్తాలే," అన్నాడు ఎవర్ట్ గ్లవ్స్ తొడుక్కుంటూ.

ప్రెస్సు నడిపే హెన్నింగ్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు ఎవర్ట్! వెళ్లకు. ఏం కాదు, దాన్నలా వదిలేద్దాం."

"ఏం కాదా? రేపు నువ్వు దాని పక్కన నిలబడి బన్ను నములుతుంటే పేలితే? ముఖమేంట్రా అలా పాలిపోయింది? వెళ్లేది నేనా, నువ్వా?"

ఎవరూ నవ్వలేదు. ఎవర్ట్ భార్యకు ఫోను చేశాడు.

"మాయ్‌కెన్, గురువారం కదా, బఠానీ సూప్ పెట్టావా? ఆఁ, కొంచెం ఆలస్యమవుద్ది. ఏం లేదే, ఊరికే చేశా. గుమ్మంలో మంచు నువ్వు ఎత్తకు, నడుం పట్టేస్తుంది. నేనొచ్చి ఎత్తుతా."

ఫోను హెన్నింగ్ చేతిలో పెట్టాడు. "ఆవిడ మళ్లీ చేస్తే నువ్వే ఏదో ఒకటి చెప్పు," అని గొంతు తగ్గించి చెప్పి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

హెన్నింగ్ నోరు తెరిచాడు. గున్నెల్ తనవైపే చూస్తోంది. మళ్లీ మూసేసుకున్నాడు.

లోపల డ్రిల్లు మొదలైంది. కొందరు చెవులు మూసుకున్నారు. ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది. అంతలో హెన్నింగ్ చేతిలో ఫోను మోగింది. మాయ్‌కెన్. అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

నిన్న ప్రెస్సులో పదకొండే పెట్టి, మరిచిపోయిన పన్నెండో డబ్బాను ఈ ఉదయం చడీచప్పుడు లేకుండా మిగతావాటి పక్కన నిలబెట్టింది తనేనని చెప్పడానికి హెన్నింగ్‌కు ఇప్పుడు కూడా ధైర్యం చాలలేదు.