బరువైన పేరు

"మా ఆయన తలకి తీసిన ఫిల్ము మీవాళ్ళే పోగొట్టారు. రెండేళ్ళయింది. ఇప్పుడేమో ఇన్నాళ్ళూ ఏం చేశారని నన్నడుగుతున్నారా?"

ఆ ఇల్లాలు వార్తిని గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. కోడి కూయకముందే లేచి, మొగుడికి చొక్కా తొడిగి, రెండు బస్సులు మారి వచ్చింది.

డాక్టరమ్మ చిన్నది. వెలుగుతున్న అద్దం మీది ఫిల్ము వంక చూసి, "ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదమ్మా, అందుకే అడిగాను. తలలో నిమ్మకాయంత గడ్డ. లోపలికి పాకిపోయింది. ఇక కోసి తీసే వీల్లేదు" అంది.

వెనక నిలబడ్డ ఆడపడుచు తుమినా ముక్కు తుడుచుకుంది. "నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నా. మా తమ్ముడికి ఏదో అయిందని."

"ఏం చెప్పావు వదినా? మెడ నరం పట్టేసిందన్నావు. నెల్లాళ్ళు మర్దనా చేయించావు."

"నువ్వు కళ్ళజోడు కొనిపెట్టావు కదా."

"టీలో ఉప్పేసుకుంటుంటే కనబడక అనుకున్నాను."

"మరి చావింట్లో కూర్చుని నవ్వినప్పుడో?"

"అప్పుడు తిట్టాను. నిన్నటిదాకా తిడుతూనే ఉన్నాను."

ఇద్దరి మధ్యా అతను కుర్చీలో కూర్చుని ఒళ్ళో వేళ్ళు ఆడిస్తున్నాడు. ఉడికిన సోయా గింజలను అరిటాకులో మడిచి, పులియబెట్టి టెంపే అనే తిండి కట్టడం అతని పని. ఇప్పుడు ఆకూ లేదు, గింజలూ లేవు. వేళ్ళు మాత్రం మడుస్తూనే ఉన్నాయి.

"ఆ పాత ఫిల్ము ఈ ఆసుపత్రిలోనే తీశారా?" డాక్టరమ్మ అడిగింది.

"ఇక్కడే. మంగళవారం తీసి, శుక్రవారం రమ్మన్నారు. వచ్చాం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ బల్ల మీదే కూర్చున్నాం. కిటికీ దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి అడిగాను. ఆ పేరుతో ఏమీ లేదు పొమ్మన్నారు. చెడ్డది ఏదన్నా ఉంటే దాచుకుంటారా అనుకుని ఇంటికెళ్ళిపోయాం."

డాక్టరమ్మ కంప్యూటరులో వెతికింది. "పాయిమిన్ అనే పేరుతో నిన్న తీసింది ఒక్కటే ఉంది."

"చూశారా. పోగొట్టారు."

డాక్టరమ్మ అతని వైపు వంగింది. "పెద్దాయనా, మీ పేరేంటి?"

"సూర్యోనెగొరో అండి" అన్నాడు అతను, బళ్ళో హాజరు చెప్పే పిల్లాడిలా.

వార్తిని కళ్ళు మూసుకుంది. "అదీ మరిచిపోయాడు. అది పాత పేరమ్మా."

"పాత పేరా?"

తుమినా అందుకుంది. "మా తాత రాజుల పేరు పెట్టాడు. టెంపే కట్టుకుని బతికేవాడు అంత పేరు మొయ్యలేడు, అదే మనిషిని తొక్కేస్తోంది అన్నారు పెద్దలు. ఎర్ర జావ, తెల్ల జావ కాచి వీధంతా పంచి, పాయిమిన్ అని తేలిక పేరు పెట్టుకున్నాం. తర్వాత కార్డులోనూ మార్పించాం."

"ఎప్పుడు పెట్టారు?"

"ఫిల్ము తీయించిన వారమే. గురువారం నాడు."

డాక్టరమ్మ ఈసారి పాత పేరు కొట్టి వెతికింది. తర్వాత తెరను వాళ్ళ వైపు తిప్పింది.

"పోలేదమ్మా. ఇక్కడే ఉంది. అప్పటికి శనగగింజంత. వెంటనే చేర్చుకుని కోసి తీసేయాలి, మనిషి బాగుపడతాడు అని రాశారు."

వార్తిని లేచి నిలబడింది. పొద్దున్నించి లేని గొంతు ఎక్కడినుంచో వచ్చింది. "మరి ఆ రోజు మమ్మల్నెందుకు పిలవలేదు? అక్కడే ఉన్నాం కదా, తలుపు ఎదురుగా."

"పిలిచారమ్మా, ఆ పాత పేరుతోనే. పదింటికి, పన్నెండింటికి, మళ్ళీ రెండింటికి. మూడుసార్లు పిలిచినా రోగి లేవలేదు అని రాసుంది."

రోగి లేచాడు. మూడుసార్లూ లేచాడు. పాత పేరుకి పలికితే పాత రోగం తిరిగొస్తుందని మూడుసార్లూ మణికట్టు పట్టి కూర్చోబెట్టింది తనే.